ఇరవై ఎనిమిదవ సందు

ఆ ఆదివారం ఉదయం ఏడున్నర గంటలకు కారు షెడ్డు ముందు హాజరైనవారు, వచ్చిన వరుసలో, నలుగురు. మొదటివారు అంగుళం గారు. స్నానానికి వెళ్ళిన పావుగంట మినహాయిస్తే ఆయన ఐదు గంటల నుంచీ అక్కడే ఉన్నారు. రెండవవారు ఆయన భార్య. ఒక చేత మంచినీళ్ళ సీసా, మరొక చేత పేకముక్కల డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. మూడవవాడు ఆవిడ తమ్ముడు. ముప్పై ఏళ్ళపాటు బస్సు డిపోలో ఇంధనం కొలిచి పోసి పదవీ విరమణ చేసినవాడు కాబట్టి పరీక్షాధికారి హోదాలో పిలిపించబడ్డాడు. ఆఖరున కూతురు, పళ్ళ డాక్టరు. ఆఖరున వచ్చినా తీర్పు చెప్పవలసినది ఆమే గనుక, ఆమె స్కూటరుకు స్టాండు వేసేదాకా తక్కిన ముగ్గురూ వరుసగా నిలబడే ఉన్నారు.

అంగుళం గారు నీటి సరఫరా శాఖలో గొట్టాల నమూనాలు గీసే విభాగానికి అధిపతిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. చొక్కా జేబులో కలం ఉన్నా లేకపోయినా ఆరంగుళాల ఉక్కు స్కేలు ఉండి తీరవలసిందే. వీధివారు తనను చాటుగా ఏమని పిలుస్తారో ఆయనకు తెలుసు. సెంటీమీటరు అనలేదు, అదే పదివేలు అని ఊరుకున్నారు.

తగవు కారు గురించి. ఇరవై ఏళ్ళు నిండిన ఆ తెల్ల కారు లీటరు పెట్రోలుకు పన్నెండు కిలోమీటర్లకు మించి కదలడం లేదు. "అది బండి కాదు నాన్నా, తాగుబోతు," అని కూతురు తేల్చేసింది. బజారు మొదట్లో ఉన్న పెట్రోలు బంకు యజమాని దాన్ని కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. అయితే కారు పోతే పోయేది కారొక్కటే కాదు. ఊరి అవతలి కొసన, గుట్ట మీద, అంగుళం గారి భార్యకు అక్క ఉంది. తుంటి ఎముక విరిగిన నాటి నుంచి, రెండేళ్ళుగా, ఆవిడ గుట్ట దిగలేదు. ప్రతి ఆదివారం అక్కచెల్లెళ్ళిద్దరూ రెండు గంటలపాటు పేకాడి, ఒకరి దొంగాట ఒకరు పట్టుకుని, ఇక జన్మలో మాట్లాడుకోమని ఒట్టు పెట్టుకుని, పై ఆదివారానికి వేళ నిర్ణయించుకునేవారు. కారు లేకపోతే రెండు బస్సులు మారి, ఆపైన అరవై నాలుగు మెట్లెక్కాలి. చెల్లెలి మోకాళ్ళు ఆరో మెట్టు దగ్గరే మొరాయిస్తున్నాయి.

"అద్దె కారు పిలిపిస్తాలే నాన్నా," అని కూతురు అనకపోలేదు.

"అద్దె కారువాడు మీ అమ్మ ఓడిపోయేదాకా ఆగుతాడా?"

"నేనెప్పుడు ఓడిపోయానండీ?" అంది భార్య.

చివరికి ఒడంబడిక కుదిరింది. గుట్టకు వెళ్ళి తిరిగి వచ్చే నలభై రెండు కిలోమీటర్ల ప్రయాణంలో కారు లీటరుకు పదహారు కిలోమీటర్లు నడిచిందా, ఇంట్లోనే ఉంటుంది. నడవలేదా, బంకు యజమాని పన్నెండు గంటలకు బంకులోనే తాళాలు పుచ్చుకుంటాడు. కొలిచే పద్ధతిని బావమరిది ముందునాటి భోజనాల దగ్గర వివరించాడు. సాయంత్రం ట్యాంకును గొంతుదాకా నింపించారు; తిరిగి వచ్చి మళ్ళీ గొంతుదాకా నింపాలి; ఎంత పడితే అంత ఖర్చయినట్టు. "ఇందులో అబద్ధానికి చోటు లేదు బావా," అన్నాడు. అంగుళం గారి భార్య వడ్డిస్తూ విన్నది.

గాలి కారుకు ఆగర్భశత్రువని అంగుళం గారు గ్రంథాలయంలో ఒక పాత ఇంజనీరింగు పత్రికలో చదివారు. చదివిన మూడు వారాలకు కారు రూపం మారిపోయింది. ముందు జాలీకి గాలి దూరకుండా దళసరి అట్ట బిగించారు. చక్రాలకు వంటింటి పెద్ద గిన్నెల మూతలు అతికించారు. అడ్డు వస్తోందని, వెనక వచ్చే బండ్లు చూసుకునే ఎడమవైపు అద్దం పీకేసి, ఆ గంటు మీద ప్లాస్టిక్ రేకు అంటించారు. వెనకవైపు చేపతోకలా సన్నబడే చట్రం ఒకటి అల్యూమినియం పట్టీలతో కట్టి, దాని మీద పాత ఫ్లెక్సీ బిగించారు. ఆ ఫ్లెక్సీ కూతురి ఆసుపత్రి ముందు వేలాడినది. పారేయమని ఆమే ఇచ్చింది. సభ్యత ఎరిగినవారు కాబట్టి బొమ్మ ఉన్న వైపు లోపలికి, తెల్లటి వైపు బయటికి పెట్టారు. వెనక దీపాలకూ నంబరు పలకకూ స్కేలుతో కొలిచి మరీ కిటికీలు కత్తిరించారు. చట్టమంటే ఆయనకు గౌరవం.

ఇక సందులు. బానెట్ అంచులు, దీపాల చుట్టూ, అద్దాల కింద, ఎక్కడెక్కడ గాలి దూరగలదో చూసి ఇరవై ఏడు సందులకు జాబితా రాశారు. విమానాల మరమ్మతుకు వాడతారని దుకాణదారు ప్రమాణం చేసి ఇచ్చిన జిగురుతో తెల్ల రేకు పీలికలు అతికించి, ఒక్కొక్క అంకె ఎదుట టిక్కు పెట్టారు. తాత్కాలికం అనే మాటను ఆయన ఉద్యోగంలో ఉండగా సహించలేదు. విశ్రాంతిలో సహించే ప్రశ్నే లేదు.

బావమరిది కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "బావా, దీన్ని రోడ్డు మీద నడపాలా, ఏట్లో వదలాలా?"

"పరీక్షాధికారి వ్యాఖ్యానించరాదు."

"అదికాదు నాన్నా, అద్దం లేకపోతే ఎడమపక్క ఏం వస్తోందో ఎలా తెలుస్తుంది?" అంది కూతురు.

"మీ మావయ్య చెబుతాడు. ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంటాడు. ముందు వాహనం రకం, తరువాత దూరం. అభిప్రాయాలు అక్కరలేదు."

"ముప్పై ఏళ్ళు సర్వీసు చేసి ఆఖరికి అద్దాన్నయ్యానే అక్కా!"

"నోరున్న అద్దానివి మావయ్యా," అంది కూతురు తల్లి పక్కన వెనక సీట్లో కూర్చుంటూ.

బయలుదేరాక అద్దాలన్నీ బిగించమని ఆజ్ఞ అయింది. కిటికీ తెరిస్తే గాలి లోపలికి వస్తుందని అంగుళం గారు కారణం సెలవిచ్చారు.

"గాలి రావడానికే కదండీ కిటికీ ఉన్నది!" అంది భార్య కొంగుతో విసురుకుంటూ.

గంటకు నలభై ఐదు కిలోమీటర్ల వేగాన్ని ఆయన నిష్ఠగా పాటించారు. బ్రేకు వేస్తే ఇంధనం దండగ కాబట్టి మలుపుల దగ్గర కూడా నిష్ఠ సడలలేదు. కూతురు ఒకసారి తల్లి ఒళ్ళోనూ, మరొకసారి తలుపు మీదా పడింది.

"లారీ. ఇరవై గజాలు," అన్నాడు బావమరిది. "ఆటో. పదిహేను గజాలు. మోపెడ్. పది గజాలు. బావా, మోపెడ్ మనల్ని దాటుతోంది."

"అభిప్రాయం వద్దన్నాను."

"దాటింది బావా. ఇది వార్త."

పన్నెండో కిలోమీటరు దగ్గర వెనకనుంచి టపటపమని చప్పుడైంది. ఎదురుగాలి ధాటికి ఫ్లెక్సీ కుడి అంచు లేచి, పుస్తకంలో పుట తిరిగినట్టు ఎడమవైపుకు తెరుచుకుంది. ముందు సీట్లోని అద్దం కళ్ళు నులుముకుంది.

"ఏం వస్తోందయ్యా?" అన్నారు అంగుళం గారు.

"పళ్ళు బావా."

"ఏమిటీ?"

"పళ్ళు. అరగజం. నవ్వుతున్నాయి."

ఎండదెబ్బకు మనిషి మతి తప్పాడని ఆయన అనుకున్నారు. అదే సమయంలో వెనక సీట్లో కూతురి ఫోను మోగింది. "హలో... ఊగుతోందా? ఎప్పటినుంచి? ఇప్పుడేనా? చేత్తో ముట్టుకోకండి. ఊడిపోతే పాలలో వేసి తీసుకురండి." పెట్టేసేలోగా ఇంకొకటి వచ్చింది. తరువాత మూడవది. "ఆదివారం పూట ఊరందరికీ ఒకేసారి ఏం మాయరోగమమ్మా!" అంటూ నాలుగవది ఎత్తి, విని, ఫోనును మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

"నాన్నా, బండి ఆపండి. ఈయన మన వెనకే వస్తున్నాడట. నా నంబరు మన బండి మీద చదివి చేస్తున్నాడట."

ఆపితే మళ్ళీ కదలడానికి అదనపు ఇంధనం కావాలన్న వాదన ఆయన నాలుక చివరిదాకా వచ్చింది గాని కూతురి ముఖం చూసి మింగేశారు. రోడ్డు పక్కన దిగి చూస్తే, మూరెడు పొడవు నవ్వు, దాని కింద ఆసుపత్రి ఫోను నంబరు, గాలికి రెపరెపలాడుతున్నాయి. జిగురు పట్టీలను వదలలేదు, ఫ్లెక్సీయే చినిగింది. ఆ తేడాను ఆయన అందరికీ వివరించారు గాని ఎవరూ శ్రద్ధగా విన్నట్టు లేదు. అక్కడినుంచి బావమరిది వెనక సీటుకు మారి, కిటికీలోంచి చెయ్యి చాపి ఫ్లెక్సీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. అద్దం హోదాకు తాడు హోదా అదనంగా వచ్చి చేరింది.

గుట్ట మొదట్లో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు నడవసాగింది. దాని పక్కనున్న పెట్రోలు ముల్లు మరీ ఘోరం: మామూలుగా వెళ్ళి వచ్చేసరికి దిగేటంతా వెళ్ళేసరికే దిగిపోయింది. అంగుళం గారు జేబురుమాలు తీసి రెండింటి మీదా పరిచారు.

"ఆ రుమాలెందుకు నాన్నా?"

"ఎండ కొడుతోందమ్మా, కళ్ళకు."

ఎండ వెనకనుంచి కొడుతోంది. అట్ట చాటున ఊపిరాడని ఇంజను గుట్ట చివరి మలుపులో బుస్సుమని ఆవిరి చిమ్మి, వదినగారి ఇంటి ముందుకు చేరి, నిలబడిపోయింది. నాలుగు మెట్ల ఎత్తునున్న వరండాలో చేతికర్ర పట్టుకుని ఎదురుచూస్తున్న వదినగారు కిందికి తొంగిచూశారు.

"మరిదిగారూ! ఆ తోకేమిటి, ఆ పొగేమిటి? మా చెల్లెల్ని తీసుకొచ్చారా, ఉడకబెట్టి తీసుకొచ్చారా?"

అక్కచెల్లెళ్ళు పేక దగ్గర కూర్చున్నారు. బానెట్ అంచులు ఒకటి నుంచి నాలుగవ అంకె వరకు సందులు గనుక అది తెరుచుకోదు. జాలీకి బిగించిన అట్ట ఊడదీసి, అదే అట్టతో బావమరిది ఇంజనుకు గంటసేపు విసిరాడు. పైనుంచి "ఆ ముక్క దాచావు!" "నువ్వు చూశావా?" అన్న కేకలు వినబడుతుంటే అంగుళం గారు మెట్టు మీద కూర్చుని విన్నారు. ఈ కేకలు వచ్చే ఆదివారం ఉండవు. ఆ సంగతి కిందనున్న ఆయన ఒక్కరికే తెలుసునని అనుకున్నారు. లీటరుకు పన్నెండు నడిచినా, పదకొండు నడిచినా చాలునని మొదటే అడిగి ఉండవలసింది. పదహారు అన్నది తానే. ఆత్మగౌరవం కొద్దీ అన్న అంకె అది.

అట్ట లేకుండానే తిరుగు ప్రయాణం సాగింది. పన్నెండు గంటలకు బంకు చేరారు. యజమాని మెడలోని తువ్వాలుతో నుదురు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. బావమరిది గొట్టం స్వయంగా అందుకుని కారు పక్కకు వెళ్ళి, వంగి చూసి, మళ్ళీ వంగి చూశాడు.

"బావా, పెట్రోలు మూత ఏదీ?"

"ఉండవలసిన చోటే ఉంటుంది."

"ఉండవలసిన చోట నున్నగా, తెల్లగా ఉంది బావా."

అంగుళం గారు దిగి చూశారు. పెట్రోలు పోసే మూత మీద, నాలుగు అంచులూ కలిసేలా, తెల్లటి రేకు ముక్క ఒకటి అతికి ఉంది. ఎంత సమంగా అతికారంటే చెయ్యి పెట్టి తడిమితే గాని తెలియదు. జేబులోంచి జాబితా తీసి చూశారు. ఒకటి నుంచి ఇరవై ఏడు. పెట్రోలు మూత అందులో లేదు. అతికించినట్టు గుర్తూ లేదు. నిన్న సాయంత్రం ట్యాంకు నింపిన చోటిని ఇవాళ ఉదయం స్వహస్తాలతో మూసి, మూసిన సంగతే మరిచిపోయిన మనిషికి డెబ్బై ఒక్క ఏళ్ళు. జాబితాను ఆయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు.

"గోటితో లాగేస్తే వస్తుందేమో," అన్నాడు బావమరిది.

"ముట్టుకోకు! అది నా జిగురు. లాగితే రంగుతో సహా వస్తుంది." అభిమానం భయాన్ని మించింది. రుజువు చూపడానికి ఆయన అద్దం పీకిన చోటనున్న రేకు అంచు పట్టుకుని గట్టిగా లాగారు. అరచెయ్యంత మేర తెల్ల రంగు రేకుతో పాటు లేచి వచ్చింది. దాని కింద తుప్పు రంగు ఇనుము బయటపడింది. "చూశారా!" అన్నారు గర్వంగా.

బంకు యజమాని చూశాడు. చక్రాల మూతలు చూశాడు, బానెట్ చుట్టూ పీలికలు చూశాడు, వెనక్కి వెళ్ళి ఫ్లెక్సీ నవ్వును కూడా చూసి, తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"డాక్టరమ్మా, ఏమనుకోకండి. ఇది నాకొద్దు. పెట్రోలు పోయడానికి వీల్లేని కారు పెట్రోలు బంకువాడి దగ్గరుంటే జనం నవ్వుతారు."

"ఇంకెవరైనా కొంటారేమో చెప్పండి."

"ఈ ఊళ్ళోనా?" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

పరీక్షాధికారి గొట్టం యథాస్థానంలో తగిలించి, లెక్క తేలలేదని ప్రకటించాడు. కూతురు కొంతసేపు ఆలోచించింది. అన్యాయం చేసే మనిషి కాదు. "పరీక్ష తేలలేదు, కొనేవాడు లేడు. సరే, బండి ఉండనీండి నాన్నా." అని, తండ్రి చేతిలోని జాబితా కేసి చూసి, గొంతు తగ్గించింది. "నిజంగా మీకు గుర్తు లేదా?"

ఆయన జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపు మా స్నేహితురాలొకావిడ ఉంది, పెద్ద డాక్టరు. ఊరికే, మామూలు పరీక్ష. అప్పటిదాకా తాళాలు నా దగ్గర ఉంటాయి."

కారు దక్కిన ఆనందం పూర్తిగా మూడు నిమిషాలు కూడా నిలవలేదు. "ఎండలో ఏమిటే ఆ మాటలు? ఇంటికి పదండి," అంది భార్య. కారు కూతురే నడిపింది. అంగుళం గారు వెనక సీట్లో, మొదటిసారిగా, వేగం ఎంతో చూడకుండా కూర్చున్నారు.

ఇంటికి చేరి కారు షెడ్డులో పెట్టి, తాళాలు సంచిలో వేసుకుని కూతురు తన స్కూటరు మీద వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మూడు గంటలకు బావమరిది గురక మొదలయ్యాక అంగుళం గారు వేడినీళ్ళ గిన్నె, గుడ్డ పట్టుకుని షెడ్డుకు వెళ్ళారు. ఆ జిగురు నీటికి లొంగదని ఆయనకంటే బాగా ఎరిగినవారు లేరు. అయినా మనిషి ఏదో ఒకటి చేయాలి కాబట్టి తడిగుడ్డ మూత మీద వేసి అదిమారు. రేకు ముక్క జారి ఆయన చేతిలో పడింది. రంగు చెక్కుచెదరలేదు. రేకు వెనక తెల్లగా, జిడ్డుగా ఏదో ఉంది. వేలితో తీసి వాసన చూశారు. ఉడికించిన పిండి.

తల తిప్పితే వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"మీ జాబితాలో ఇరవై ఏడే," అంది. "ఇరవై ఎనిమిదోది నాది. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు అంటించాను."

"ఎందుకు?"

"మళ్ళీ నింపితేనే లెక్క తేలుతుందన్నాడు కదా మావాడు. నింపనివ్వకపోతే తేలదు కదా. పదహారు వస్తుందని మీరు నమ్మారేమో గాని నేను నమ్మలేదు. చక్రాలకు గిన్నె మూతలేమిటండీ!"

"ఎవరైనా గోటితో గీకి ఉంటే?"

"మీ జిగురు మీద మీరు ఇంకొకరిని చెయ్యి వేయనిస్తారా? నలభై నాలుగేళ్ళుగా చూస్తున్నాను."

ఆయన గిన్నె కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. బంకు దగ్గరనుంచి ఛాతీ మీదున్న బండరాయిని ఎవరో మాట్లాడకుండా ఎత్తి పక్కన పెట్టినట్టయింది. "నాకు మతి పోతోందనుకున్నాను," అన్నారు.

"మీకు మతి పోతే నేను చెప్పనా ముందు?" ఆవిడ పక్కనే కూర్చుంది. "బంకులోనే చెబితే మావాడు తడిగుడ్డ అడిగేవాడు, అమ్మాయి లెక్క తేల్చేసేది. ఇందాక దానికి ఫోను చేశాను. ముందు కేకలేసింది, తరువాత నవ్వింది, డాక్టరు సంగతి మానేసింది. సాయంత్రం తాళాలు తెచ్చిస్తుందట. కాని ఆ తోక ఊడదీయాల్సిందేనట."

"తీసేస్తాను," అన్నారు ఆయన, వాదించకుండా.

మర్నాడు బావమరిది ట్యాంకు నింపి చూశాడు. లీటరుకు తొమ్మిదిన్నర. మోపెడ్ కూడా దాటిపోవడంలో ఆశ్చర్యం లేదన్నాడు. అది అభిప్రాయమే అయినా అంగుళం గారు ఊరుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన కారు పరీక్షల కోసం పెట్టుకున్న పుస్తకం తెరిచి, ఎర్ర గీత గీసి, ఫలితం అన్న చోట తేలలేదని రాసి, దాని కింద గుండ్రని అక్షరాలతో ఇలా రాశారు: "ఈ గృహిణి, ఎవరి ఉత్తర్వులూ లేకుండా, సొంత ఆలోచనతో, సకాలంలో ఇరవై ఎనిమిదవ సందును మూసి వాహనాన్నీ, దాన్ని నడిపేవారినీ కాపాడినందుకు విభాగం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు ఇందుమూలంగా నమోదు చేయడమైనది." సంతకం చేసి, తేదీ వేసి, భార్యకు చదివి వినిపించారు.

"విభాగం అంటే ఎవరండీ?"

"ప్రస్తుతం నేనొక్కడినే."

"అయితే విభాగం తరఫున ఎందుకు? మీ తరఫునే చెప్పండి."

ఆయన చెప్పారు. ఆ భాగం మాత్రం పుస్తకంలో నమోదు కాలేదు.